మోకాలికి నప్పే చక్రం

మోకాలి మార్పిడి చేయించుకున్న మనిషి ఆరో వారంలో వచ్చినప్పుడు నేను ముందు చూసేది మడమ ఎంత వెనక్కి వస్తుందన్నది. ఉప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే ఒకావిడకు రెండో వారంలో కాలు ఎంత వంగిందో, ఆరో వారంలోనూ అంతే వంగింది. కుట్లు చక్కగా మానాయి, ఎక్స్‌రేలో కీలు కుదురుగా ఉంది, కొడుకు ఎక్సర్‌సైజ్ సైకిల్ కూడా కొనిపెట్టాడు. "తొక్కుతున్నారా అమ్మా?" అని అడిగాను.

"మోకాలు నొయ్యబట్టి కాదు సారూ. తొక్కితే గడగడ సప్పుడైతున్నది. కింది ఇంటోళ్ళు పైకొచ్చి అడిగిపోయిన్రు. చెయిన్ గట్టిగ జేస్తె చక్రం తిరగది, వదులు జేస్తె గుంజుతది. మా పిలగాడు రెండు మాట్ల జూసిండు, ఇగ ఇడిచిపెట్టిండు."

ఉప్పల్, నాచారం మధ్య ఎముకల డాక్టరుగా ఇలాంటి జవాబు తరచుగా వింటాను. రింగురోడ్డు పక్కన లారీల మధ్య నడవమని కొత్త మోకాలున్న మనిషికి చెప్పలేను. మెట్లు దిగమనీ చెప్పలేను. ఇంట్లో సైకిలే మిగిలిన దారి. అది మూలన పడితే వ్యాయామం ఆగిపోతుంది. ఆ వారాల్లోనే కీలు లోపల మచ్చ కణజాలం గట్టిపడుతుంది. గట్టిపడితే మత్తు ఇచ్చి కాలు వంచాల్సిన రోజు వస్తుంది. అందుకే ఒక ఇరుసు వదులు కావడం నాకు వైద్య సమస్యగానే కనిపిస్తుంది. (ఇక్కడ రాసే రోగుల ఆనవాళ్ళన్నీ మార్చాను.)

పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాలి. సీటు ఎత్తితే ఇంకొంచెం తక్కువ చాలు. అంత వంగనివాళ్ళ చేత మొదట పెడల్‌ను ముందుకీ వెనక్కీ సగం సగం ఊపిస్తాం. చాలామందికి తొలి పూర్తి చుట్టు వెనక్కి తొక్కినప్పుడే పడుతుంది. ఆ చుట్టు పడ్డ రోజు వాళ్ళ ముఖం చూడాలి! ఆ తర్వాత ముందుకు తొక్కడం మొదలవుతుంది, ఫ్లైవీల్ అవసరమూ మొదలవుతుంది. పెడల్ సరిగ్గా పైకొచ్చి నిలిచే చోట కాలు ఎంత నొక్కినా తిప్పే బలం దాదాపు ఉండదు. మోకాలు బాగా వంగి ఉండేదీ అక్కడే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఆ చోటు తెలియనే తెలియదు. ఆపరేషన్ అయిన కాలికి మాత్రం ప్రతి చుట్టులోనూ తెలుస్తుంది. అంతకుముందు తొక్కిన తొక్కులో కొంత శక్తిని దాచుకుని, ఆ చోటు దాటించి, కాలిని అవతలికి చేర్చడమే చక్రం పని. చక్రం ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంటే, చెయిన్ ఒకచోట బిగిసి ఒకచోట జారుతుంటే, ఆ కుదుపు నేరుగా మోకాలికే వస్తుంది.

వ్యాయామ యంత్రంలో ఫ్లైవీల్ పెట్టడం పాత ఆలోచనే. 1796లో లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ పేటెంట్ తీసుకున్న జిమ్నాస్టికాన్‌లో చేతుల క్రాంకులనూ కాళ్ళ పెడళ్ళనూ కలిపింది ఫ్లైవీళ్ళే. అది కీళ్ళ వైద్యం కోసం చేసిన యంత్రం, పందేల కోసం కాదు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది.

చక్రం బిగింపులో తప్పు ఎక్కడుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది నాచారం పారిశ్రామికవాడలో లేతు షెడ్డు నడిపే ఒక టర్నర్. ఏళ్ళ తరబడి లేతు ముందు నిలబడి ఆయన మోకాళ్ళు అరిగాయి. గుండెలో స్టెంటు ఉంది. గుండె డాక్టరు రోజూ వ్యాయామం చేయమంటాడు, మోకాళ్ళు నడవనివ్వవు. ఆయన్ని మా ఫిజియోథెరపీ గదిలో సైకిలెక్కించాను. కాసేపు తొక్కి దిగి, ఇరుసు మీద చెయ్యి పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పి చూశాడు.

"సార్, ఇండ్ల మూడు పనులు తీస్కపోయి రెండు నట్ల మీద పెట్టిన్రు."

ఆ ఒక్క మాటలో జబ్బు మూలం దొరికింది. చవక సైకిళ్ళలో చాలావాటికి ఫ్లైవీల్‌ను మామూలు సైకిల్ ముందు చక్రంలాగే బిగిస్తారు. కదలని ఇరుసు, దాని మీద రెండు కోన్లు, వాటి మధ్య విడి బాల్స్, బయట చెక్‌నట్లు. ఫ్రేములో ఇరుసు కూర్చునే చోట పొడుగాటి గాడి ఉంటుంది. చెయిన్ వదులైతే నట్లు విప్పి, చక్రాన్నే ముందుకు లాగి మళ్ళీ బిగించాలి. అంటే బేరింగ్ ఎంత బిగువుండాలి, చెయిన్ ఎంత బిగువుండాలి, చక్రం ఎంత నిటారుగా ఉండాలి అనే మూడూ ఆ రెండు నట్ల దగ్గరే తేలాలి. ఒకటి సరిచేస్తే మిగతా రెండూ చెడతాయి. ఒకే రోజు మూడు మందులు మార్చి ఏది పనిచేసిందో తేల్చుకోలేని వైద్యంలాంటిది ఇది. ఉప్పల్ ఆవిడ కొడుకు తెలివిలో లోటేమీ లేదు. ఆ బిగింపే అలా ఉంది.

వారం తిరక్కుండా టర్నర్ ఓ కాగితం తెచ్చాడు. దాని వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. చక్రం జరగకూడదు. దాని చోటు ఫ్రేములో శాశ్వతంగా ఖాయం కావాలి. గాడి తీసేసి, రెండు పక్కల ప్లేట్లలో గుండ్రటి రంధ్రాలు ఒకే వరసలో పెట్టాడు. రంధ్రాలు వరసలో ఉంటే చక్రం నిటారుగా ఉండి తీరుతుంది, అక్కడ సరిచేయడానికి ఏమీ మిగలదు. కోన్లూ విడి బాల్సూ పోయి, హబ్బులో రెండు వైపులా మూతపడిన 6203 బేరింగులు వచ్చాయి. లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. రాణీగంజ్‌లో బేరింగుల దుకాణానికి వెళ్ళి నంబరు చెబితే చాలు.

ఆయన ఎక్కువ సేపు వివరించింది మాత్రం రెండు బేరింగుల మధ్య ఉండే ఒక చిన్న గొట్టం గురించి. దాన్ని స్పేసర్ అంటారు. అది లేకుండా నట్టు బిగిస్తే రెండు బేరింగుల లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి నొక్కుకుంటాయి. బాల్స్ మీద పక్కబరువు పడి చక్రం బిగుసుకుంటుంది, బేరింగ్ త్వరగా పోతుంది. స్పేసర్ ఉంటే ఫ్రేము ప్లేటు, బుష్, లోపలి రింగు, స్పేసర్, రెండో రింగు, మళ్ళీ బుష్, ప్లేటు, అన్నీ కలిసి ఒకే కడ్డీలా గట్టిపడతాయి. ఇక బలమున్నంతా బిగించవచ్చు, చక్రం తేలిగ్గానే తిరుగుతుంది. హబ్బు లోపల బేరింగులు ఆనుకునే మెట్ల మధ్య దూరం కంటే స్పేసర్ వెంట్రుకవాసి పొడుగుండాలి కానీ పొట్టిగా ఉండకూడదని ఆయన మరీ మరీ చెప్పాడు. మొత్తం ఊడదీయడానికి 24 నంబరు పానా చాలు. చూపు సరిగా ఆనని పెద్దాయన ఇంట్లో కూడా పక్కింటి కుర్రాడు వచ్చి చేయగలిగే పని.

చెయిన్ బిగువు? దానికి పై పక్కన, గేరు సైకిళ్ళ వెనక ఉండేలాంటి చిన్న పళ్ళచక్రాన్ని స్ప్రింగు మీద పెట్టాడు. చెయిన్ సాగినకొద్దీ అదే కిందికి నొక్కుతుంది. పెడల్ దగ్గర 44 పళ్ళ చక్రం, ఫ్లైవీల్ దగ్గర 18 పళ్ళ ఫ్రీవీల్. రెండూ ఊళ్ళో ఏ సైకిల్ షాపులోనైనా దొరికేవే. ఫ్రీవీల్ ఎక్కడానికి హబ్బు మీద అంగుళానికి 24 చొప్పున థ్రెడ్డు కోశాడు.

ఫ్రీవీల్ గురించి డాక్టరుగా నేను పట్టుబట్టాను. జిమ్ములో తొక్కే బైకుల్లో చక్రం, పెడల్ ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉండేవి చాలా ఉంటాయి. కాలు ఆపినా చక్రం పెడల్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఆరోగ్యవంతుడైన కుర్రాడికి అది మంచి కసరత్తే కావచ్చు. నా రోగికి మోకాలు పట్టేసిన క్షణంలో కాలు ఆగాలి. పక్షవాతం వచ్చి ఒక కాలు మీద పట్టు లేనివాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం. టర్నర్‌కూ ఇది నచ్చింది, కారణం మాత్రం వేరు. ఫ్రీవీల్ ఉంటే వెనక్కి గుంజే బలం ఎప్పుడూ రాదు, కాబట్టి చెయిన్ పై పక్క ఎప్పుడూ వదులు పక్కే అవుతుంది. స్ప్రింగు అక్కడ నిశ్చింతగా పనిచేస్తుంది.

ఇక చక్రం. నాలుగు వందల మిల్లీమీటర్ల వ్యాసంతో, ఆరు మిల్లీమీటర్ల మందం ఉక్కు ప్లేటు నుంచి కోసిన బిళ్ళ. ఆరు కిలోలకు కొంచెం తక్కువ. పోత పోయనక్కర్లేదు, ఆకులు అక్కర్లేదు. ఫ్లైవీల్ ఎంత బరువుంటే అంత మంచిదని కొనేవాళ్ళంతా నమ్ముతారు. మోకాలి రోగి విషయంలో నేను ఒప్పుకోను. బరువైన చక్రాన్ని ఆగిన చోటు నుంచి కదిలించడానికి పడే మొదటి తొక్కే అన్నిటికంటే కష్టమైనది, ఆ తొక్కు తొక్కేది నొప్పి ఉన్న కాలు.

ఆకులు లేని బిళ్ళ నాకు ఇంకో కారణంతో నచ్చింది. రెండేళ్ళ పిల్లవాణ్ణి చేతికి తువ్వాలు చుట్టి పరుగున తెచ్చిన ఒక తాతను మరిచిపోలేను. తాత తొక్కుతుంటే పిల్లవాడు వెనక నుంచి చెయిన్‌లో వేలు పెట్టాడు. వేలి కొస నిలవలేదు. ఎక్సర్‌సైజ్ సైకిళ్ళ చెయిన్లు, ఆకుల చక్రాలు పసిపిల్లల వేళ్ళు తీసేసిన ఉదంతాలు ప్రపంచమంతటా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. టర్నర్ కాగితం మీద నేను గీసిన గీత ఒక్కటే. చెయిన్‌కూ చక్రానికీ రెండు వైపులా రేకు తొడుగు. పానా లేకుండా ఊడకూడదు, చిటికెన వేలు దూరే సందు ఎక్కడా ఉండకూడదు. తొడుగు వల్ల రిపేరు కష్టమవుతుందని ఆయన కాస్త వాదించాడు, మనవరాలు గుర్తొచ్చిందేమో వెంటనే ఒప్పుకున్నాడు.

రోగి బాధకూ ఇంజనీరు చేతికీ మధ్య దూరం తగ్గితే ఏమవుతుందో హైదరాబాదు ముందే చూసింది. నిమ్స్‌కు చెందిన ఒక ఎముకల సర్జన్ తన ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి పదార్థం తేలికదనం చూసి, తనను ఆస్పత్రికి తీసుకెళ్ళాడని అబ్దుల్ కలాం ప్రసంగాల్లో చెప్పేవారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. అగ్ని కోసం తయారైన పదార్థంతో మూడు వారాల్లో మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. అగ్ని తొలిసారి ఎగిరింది 1989 మే 22న. ఆ కథలో పదార్థాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం సర్జన్ వేసిన అడుగును ఎక్కువ గౌరవిస్తాను. తన వార్డు దాటి అవతలివాళ్ళ పనిచోటుకు వెళ్ళాడు, అక్కడివాళ్ళను తన వార్డుకు తెచ్చాడు. నాచారంలో మా ఆస్పత్రుల గోడలకు ఆనుకునే లేతులున్నాయి. మేం వాటి దగ్గరికి ఇంకా ఎక్కువగా వెళ్ళాలి.

మొదటి సైకిల్ మా ఫిజియోథెరపీ గదిలో తిరుగుతోంది. చప్పుడు లేదు. ఇంకా తేలని సంగతి బ్రేకు. ఇప్పటికి చక్రం అంచుకు నామ్దా గుడ్డ దిమ్మె ఆనించి మరతో నొక్కుతున్నాం. అది అరుగుతుంది, వేడెక్కితే పట్టు మారుతుంది. మోకాలి రోగికి ఫరవాలేదు. స్టెంటు ఉన్న టర్నర్‌కు మాత్రం నిన్న ఎంత బరువు తొక్కాడో ఇవాళా అంతే తొక్కుతున్నాడని నాకు తెలియాలి. స్వీడన్‌లో వాన్ డోబెల్న్ 1954లో దీనికి సులువైన దారి చూపాడు. చక్రం చుట్టూ పట్టీ, దాని లాగుడును కొలిచే తూకం. ఆ పద్ధతిలో వచ్చిన మోనార్క్ సైకిల్లో ఒక్కో పెడల్ చుట్టుకు చక్రం అంచు ఆరు మీటర్లు పరిగెడుతుంది. నిమిషానికి 50 చుట్లు, ఒక కిలో లాగుడు అంటే దాదాపు 50 వాట్లు. మా చక్రం అంచు చుట్టుకు మూడు మీటర్లే పోతుంది, కనుక అదే కిలోకు 25 వాట్లు. నీరసంగా ఉన్న రోగికి ఈ చిన్న మెట్లే కావాలి.

చిక్కు ఏమిటంటే ఆరు మిల్లీమీటర్ల అంచు మీద పట్టీ నిలవదు. అంచు చుట్టూ 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టా వెయ్యాలి. వేస్తే బరువు పావు వంతు పెరుగుతుంది, అదంతా అంచున ఉండటంతో దాచుకునే శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. పెడల్ పైన నిలిచే చోటు ఇంకా నున్నగా దాటుతుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా టర్నర్‌ది. వెల్డింగు వేడికి బిళ్ళ వంకరపోతుంది, అంత పెద్ద బిళ్ళను సరిచేసే లేతు ఆయన షెడ్డులో లేదు.

"గుండ్రంగ మొత్తం కాల్చను సార్. ఎనిమిది తాన్ల టాకా ఏస్త, ఎదురెదురుగ. ఒకటేసి సల్లారినంక అవుతలి దిక్కు ఇంకోటి. ఔట్ ఎంతొస్తదో గేజీ పెట్టి సూద్దాం" అన్నాడు మొన్న. పట్టా వంచడానికి మల్లాపూర్‌లో ఒక షెడ్డుకు ఇచ్చాడు.