రేకు ఛాతీ మీద గులాబీ

మంత్రగత్తె కోసం కోటంతా గాలిస్తున్నారు. గదులన్నీ వెతికారు, మూలలన్నీ తడిమారు, మనిషి జాడ లేదు. విసిగి వెనుదిరిగిన వాళ్ళలో ఒంటినిండా రేకే అయిన కట్టెలు కొట్టేవాడొకడు. తోటలో ఎర్రగా విచ్చుకున్న గులాబీ కనిపిస్తే ముచ్చటపడి కోసి, తన రేకు ఛాతీకి తగిలించుకుని దర్జాగా బయటికొచ్చాడు. ఇంతసేపూ వెతికిన మంత్రగత్తెని ఇప్పుడు తనే మోసుకొస్తున్నానని పాపం ఆ మహానుభావుడికి తెలీదు. ఆమె పేరు మోంబీ. కాసేపటి క్రితం వేరొక పిల్ల రూపంలో ఉంది. ఇప్పుడు గులాబీ. ఇంకాసేపట్లో నీడవుతుంది, తర్వాత నల్లచీమ, ఆ తర్వాత సింహం ఒళ్ళూ గద్ద తలా ఉన్న గ్రిఫిన్.

ఇది ఎల్. ఫ్రాంక్ బామ్ 1904లో రాసిన 'ది మార్వెలస్ లాండ్ ఆఫ్ ఓజ్' కథ. అంతకు నాలుగేళ్ళ ముందు, 1900లో వచ్చిన మొదటి పుస్తకం 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్' పేరు అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు 1939 నాటి సినిమా తెలుసు. రెండో పుస్తకం మాత్రం వెలుగులోకి వచ్చింది తక్కువ. అందులో మొదటి కథానాయిక డొరొతీ లేదు, ఆమె కుక్క లేదు, సుడిగాలీ లేదు. కానీ పిల్లల కథల్లో మంత్రగత్తె అనే పాత్రను అంత తెలివిగా వాడుకున్న పుస్తకాలు తక్కువ.

బామ్ దాన్ని కళాతృష్ణతోనే రాశాడని అనుకోనక్కర్లేదు. మొదటి కథను 1902లో షికాగోలో సంగీత నాటకంగా వేస్తే జనం విరగబడ్డారు. మరుసటి ఏడాది అది న్యూయార్క్‌కి వెళ్ళింది. డొరొతీ వెంట నడిచే దిష్టిబొమ్మ వేషం ఫ్రెడ్ స్టోన్‌ది, రేకు మనిషి వేషం డేవిడ్ మాంట్‌గోమరీది. ఆ ఇద్దరి జోడీ కోసమే జనం టిక్కెట్లు కొన్నారు. అందుకే రెండో పుస్తకంలో దిష్టిబొమ్మకీ రేకు మనిషికీ పెద్ద పీట పడింది. పుస్తకాన్ని అంకితమిచ్చిందీ ఆ నటులకే. హిట్ సినిమాకి రెండో భాగం తీసేవాళ్ళ లెక్క బామ్‌కి వందేళ్ళ కిందటే తెలుసన్నమాట. ఆ లెక్క తప్పింది కూడా. ఈ కథతో 'ది వాగుల్-బగ్' పేరిట 1905లో షికాగోలో వేసిన నాటకం నెల తిరక్కుండానే మూతపడింది. పుస్తకం బతికింది.

మొదటి పుస్తకంలో మంత్రగత్తెల పంపకం దిక్కుల లెక్కన జరిగింది. తూర్పు, పడమర చెడ్డవి. ఉత్తరం, దక్షిణం మంచివి. చెడ్డవాళ్ళిద్దరూ డొరొతీ చేతుల్లోనే పోతారు, ఒకామె మీద ఇల్లు పడి, ఇంకొకామె బక్కెట్టు నీళ్ళకు కరిగి. మంచి మంత్రగత్తె అనే మాటే ఆనాటి పాఠకులకు కొత్త. ఆ మాట వినగానే డొరొతీ కూడా తెల్లబోతుంది.

ఆ ఆలోచన వెనక ఒక అత్తగారు ఉన్నారని చాలామంది పరిశోధకుల నమ్మకం. బామ్ 1882లో మాడ్ గేజ్‌ను పెళ్ళాడాడు. మాడ్ తల్లి మటిల్డా జోస్లిన్ గేజ్ అమెరికాలో మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన తొలితరం నాయకురాలు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూజన్ బి. ఆంథొనీలతో కలిసి ఆ ఉద్యమ చరిత్ర రాసిన మనిషి. 1893లో ఆమె 'వుమన్, చర్చ్ అండ్ స్టేట్' అనే పుస్తకం వేసింది. మంత్రగత్తెలని ముద్ర వేసి యూరప్‌లో తగలబెట్టిన ఆడవాళ్ళలో చాలామంది నిజానికి చదువూ వైద్యమూ తెలిసినవాళ్ళనీ, ఆ తెలివే వాళ్ళ ప్రాణాల మీదికి తెచ్చిందనీ అందులో వాదించింది. చనిపోయినవాళ్ళు 90 లక్షలని ఆమె రాసిన లెక్క ఇప్పుడు నిలవదు. చరిత్రకారుల అంచనా 40 వేల నుంచి 60 వేల దాకా. అంకె తగ్గింది గానీ ఘోరం తగ్గలేదు. బాణామతి చేస్తున్నారనే అనుమానంతో మనుషుల మీద పడి కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి మన కాలంలోనూ వచ్చాయి కనుక, ఈ సంగతిని దూరదేశపు పాతకథగా తీసేయడానికి మనకు వీల్లేదు.

గేజ్ 1898లో బామ్ ఇంట్లోనే కన్నుమూసింది. రెండేళ్ళకు అల్లుడి పుస్తకంలో తెల్ల బట్టలు కట్టుకున్న మంచి మంత్రగత్తె ప్రత్యక్షమైంది.

రెండో పుస్తకానికి వచ్చేసరికి ఈ మంచి చెడుల గీత దిక్కుల మీద నుంచి చట్టం మీదికి జరిగింది. మోంబీ ఉండేది ఉత్తరాన. అక్కడి ఏలిక అయిన మంచి మంత్రగత్తె తన ఇలాకాలో మరో మంత్రగత్తె ఉండకూడదని నిషేధించింది. అందుకని మోంబీ పేరుకు మంత్రగత్తె కాదు, అంతకంటే ఒక మెట్టు కిందిది. లైసెన్సు లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ బాపతు అనుకోవచ్చు. చాటుగా మందులు మరిగిస్తుంది, ఎవరూ చూడకుండా మంత్రాలు కొనుక్కొస్తుంది. బామ్ హాస్యమంతా ఇలాంటి చోట్లే ఉంటుంది. మాయలోకానికి కూడా గుమాస్తాలూ నిబంధనలూ ఉంటాయన్నట్టు రాస్తాడు.

ఇక మారు రూపాల సంగతి. దక్షిణ దేశపు మంచి మంత్రగత్తె గ్లిండా సైన్యంతో వచ్చి ఓజ్ రాజధాని మరకత నగరం ముందు విడిది చేసి, మోంబీని అప్పగించమంటుంది. లోపల సింహాసనమెక్కి కూర్చున్నది జింజర్ అనే అమ్మాయి. అల్లిక సూదులు ఆయుధాలుగా పట్టుకున్న ఆడపిల్లల దండుతో నగరాన్ని గెలిచిన సేనాని ఆమె. మోంబీ ఒక ఉపాయం చెబుతుంది. అంతఃపురంలో పనిచేసే జెలియా జాంబ్ అనే పిల్లతో రూపం మార్చుకుంటుంది. ముసలి మోంబీ రూపంలో జెలియాను గ్లిండా దగ్గరికి పంపి, తను జెలియాలా లోపల ఉండిపోతుంది. గ్లిండా ఇట్టే కనిపెట్టేస్తుంది. ఆ తర్వాతిదే గులాబీ ఘట్టం.

మారు రూపాల కథలు తెలుగువాడికి కొత్త కాదు. స్వయంవర సభలో అయిదుగురు నలులను చూసిన దమయంతి, రెప్ప వేసేదెవరు, నీడ పడేదెవరు అని చూసి దేవతల్లోంచి మనిషిని ఏరుకుంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో అసలు రంభకీ మాయరంభకీ తగువే పెట్టాడు. 'మాయాబజార్'లో సావిత్రి, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నడిచిన నడక చూసినవాళ్ళకు రెండు పాత్రల మధ్య తేడా ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఈ కథలన్నిటిలో మాయ ఒక ఆట, ఒక పరీక్ష, లేదా ఒక కోరిక. బామ్ కథలో గ్లిండాకు మాత్రం మాయరూపం మీద నీతిపరమైన అభ్యంతరం ఉంది. ఒకదాన్ని ఇంకొకటిగా కనిపించేట్టు చేయడం నిజాయితీ లేని పని అని, పరువున్న మంత్రకారిణి ఆ పని చేయదని ఆమె అంటుంది. మంత్రాలన్నీ తెలిసిన మనిషి నోట ఆ మాట విచిత్రంగా ఉంటుంది. పుస్తకం మొత్తం ఆ ఒక్క అభ్యంతరం మీదే తిరుగుతుంది.

ఎందుకంటే అసలైన మాయరూపం జెలియా కాదు, గులాబీ కాదు. పాఠకుడు మొదటి పేజీ నుంచీ వెంట నడుస్తున్న కుర్రాడే. పేరు టిప్. మోంబీ దగ్గర పాలేరుగా పెరిగాడు. ఆమె తనను చలువరాతి బొమ్మగా మార్చబోతోందని తెలిసి, గుమ్మడికాయ తలతో తను చేసిన మనిషి బొమ్మను వెంటేసుకుని పారిపోయాడు. ప్రాణం పోసే పొడి చల్లితే నడిచే బొమ్మ అది. దుంగలు కోసేటప్పుడు ఆనించే కొయ్య చట్రానికి అదే పొడితో ప్రాణం పోసి గుర్రాన్ని చేసుకున్నాడు. అలిసిపోవడం తెలియని ఆ కొయ్యగుర్రమెక్కే గ్లిండా ఎడారి దాకా తరిమి, అలిసిన గ్రిఫిన్‌ని పట్టుకుంటుంది.

పట్టుకున్నాక జరిగేది మంత్రయుద్ధం కాదు, విచారణ. ఈ భాగం దగ్గర బామ్ నిజంగా మెరుస్తాడు. పాత రాజు తర్వాత ఓజ్‌ను ఏలిన మాంత్రికుడి కదలికలన్నీ గ్లిండా వేగులు రాసిపెట్టారు. ఆయన చిక్కుడుగింజలను కత్తితో తింటాడన్న సంగతి కూడా ఆ చిట్టాలో ఉంది. అక్కర్లేని ఆ వివరాల మధ్య అక్కరకొచ్చేది ఒక్కటే, ఆయన మూడుసార్లు రహస్యంగా మోంబీ ఇంటికి వెళ్ళాడని. ఆ పాత రాజు కూతురు ఓజ్మా ఆ తర్వాత కనిపించలేదు. అబద్ధమాడితే నల్లబడే ముత్యాన్ని ఎదురుగా పెట్టి గ్లిండా ప్రశ్నలు వేస్తుంది. నిజం చెప్పకపోతే చావు తప్పదని బెదిరిస్తుంది కూడా. మంచి మంత్రగత్తె అంటే మెత్తని మనిషి అని ఎవరూ పొరబడకూడదు. చివరికి మోంబీ ఒప్పుకుంటుంది. పసిపిల్ల ఓజ్మాను మగపిల్లవాడిగా మార్చింది తనేనని, ఆ పిల్లవాడు టిప్పేనని.

టిప్ గుండె జారిపోతుంది. ఆడపిల్లగా మారడం ఇష్టం లేదంటాడు. మిత్రులతో తిరగడమే చాలంటాడు. మంత్రం తీసే పని కూడా గ్లిండా చేయదు, మాయ చేసినదే తీయాలని మోంబీకే అప్పగిస్తుంది. తెర తొలిగాక లేచిన రాకుమారి, నేను మీ టిప్‌నే అని నచ్చజెబుతుంటే, గుమ్మడికాయ బుర్రవాడు కాకపోతే మీరు వేరే అంటాడు. బుర్రలో గింజలు తప్ప ఏమీ లేనివాడి నోట పెద్ద పెద్ద పండితులు తేల్చలేని మాట పడింది. స్త్రీ పురుష తేడాల చర్చ పెరిగిన ఈ రోజుల్లో ఆ ఘట్టాన్ని కొత్తగా చదువుతున్నవాళ్ళు చాలామంది. అప్పటి రంగస్థలం లెక్క ఇంకా తేలిక. ఇంగ్లిష్ పాంటోమైమ్ నాటకాలలో కుర్రాడి వేషం యువతులే వేసేవాళ్ళు. నాటకం మీద కన్నేసిన బామ్‌కి ఆ ఆనవాయితీ తెలియకుండా ఉండదు.

జింజర్ విషయంలో మాత్రం బామ్‌కి రెండు నాలుకలు. ఓటు హక్కు ఉద్యమాన్ని ఆటపట్టించడానికే ఆ సేనను పెట్టాడని చదివినవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. మగవాళ్ళు వంటలు చేసి, పిల్లల్ని సాకి బేజారెత్తిపోవడం, ఆ వంట తినలేక ఆడవాళ్ళు విసిగిపోవడం ఆనాటి పత్రికల్లోని చవక జోకులు. కానీ జింజర్‌ని ఓడించేది కూడా ఆడపిల్లల సైన్యమే, గ్లిండాది. గద్దెనెక్కేదీ ఆడపిల్లే. డకోటాలోని అబర్డీన్‌లో పత్రిక నడిపిన రోజుల్లో బామ్ ఓటు హక్కును గట్టిగా సమర్థించాడు. అదే పత్రికలో 1890 డిసెంబరులోనూ 1891 జనవరిలోనూ మూలవాసులను పూర్తిగా తుడిచిపెట్టాలని సంపాదకీయాలు రాశాడు. వాటి మధ్యలోనే సూ ప్రజల మీద ఊండెడ్ నీ ఊచకోత జరిగింది. గేజ్‌కి మోహాక్ ప్రజలు తమలో ఒకరిగా పేరు పెట్టిన సంగతి తెలిస్తే ఈ అల్లుడి రాతలు మరింత చేదుగా ఉంటాయి. ఆయన వంశీకులు 2006లో సూ ప్రజలకు క్షమాపణ చెప్పారు. మంచి మంత్రగత్తెను ఊహించినవాడూ, ఒక జాతి చావును కోరినవాడూ ఒకే మనిషి. ఆయన్ని సమర్థించేవాళ్ళు ఈ రెండింటినీ కలిపే చదవాలి.

తర్వాతివాళ్ళు ఈ మంత్రగత్తెలను కలిపారు, విడగొట్టారు. 1939 సినిమా ఇద్దరు మంచి మంత్రగత్తెలను ఒక్క గ్లిండాగా కుదించింది, డొరొతీ వెండి బూట్లను కెంపుల బూట్లు చేసింది. మార్గరెట్ హామిల్టన్ అందులో ఊళ్ళో గయ్యాళిగానూ పడమటి మంత్రగత్తెగానూ ద్విపాత్రాభినయం చేసింది. 1985 నాటి 'రిటర్న్ టు ఓజ్'లో జీన్ మార్ష్‌దీ అదే పని, ఆసుపత్రి నర్సూ ఆమే, మోంబీ ఆమే. ఆ సినిమాలో ఓజ్మా అద్దంలో డొరొతీకి ప్రతిబింబంలా కనిపిస్తుంది. గ్రెగరీ మెగ్వైర్ 1995లో 'వికెడ్' రాసి పడమటి మంత్రగత్తెకు ఎల్ఫబా అని పేరు పెట్టాడు, బామ్ పేరులోని పొడి అక్షరాలతోనే. అది 2003లో బ్రాడ్‌వేకి, 2024, 2025లలో రెండు సినిమాలుగా తెర మీదికి వచ్చింది. మంచిదీ చెడ్డదీ ఒకే కళాశాలలో ఒకే గదిలో ఉన్న స్నేహితురాళ్ళట. ఆ ఊహ గొప్పదే గానీ, మోంబీ కథలోని ఆ తుంటరి తేలికదనం అందులో లేదు.

మోంబీని గ్లిండా చంపలేదు. మంత్రాలన్నీ మరిచిపోవాలి, ముసలితనంలో తిండికీ బట్టకీ లోటు రానివ్వం అన్నది ఒప్పందం. మొదటి పుస్తకంలో ఇద్దరిని చంపి గెలిచిన కథ, రెండో పుస్తకంలో మంత్రగత్తెకు పింఛను ఇచ్చే దాకా వచ్చింది. బామ్ 1919లో పోయాక ఆ ధారావాహికను కొనసాగించిన రూత్ ప్లమ్లీ థాంప్సన్‌కి ఈ దయ నచ్చలేదు కాబోలు, 1925లో 'ది లాస్ట్ కింగ్ ఆఫ్ ఓజ్' చివర మోంబీ మీద నీళ్ళు పోయించి కరిగించేసింది. బామ్ కుదిర్చిన ముగింపే మేలు. పుస్తకం మీద కాపీరైటు ఎప్పుడో తీరింది, తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పిల్లలకు ఓజ్ కథ చెప్పబోయేవాళ్ళు ఒకసారి రెండో పుస్తకంతో మొదలుపెట్టి చూడండి.