నెల తప్పిన రెండు వారాలలో

‘బిడ్డ బలంగా పెరగడానికి మందులేవైనా వ్రాయండి’ అని, మూడవ నెలలో మొదటిసారిగా వైద్యపరీక్షకు వచ్చే గర్భిణీ స్త్రీలు నన్ను అడుగుతుండేవారు. మందులు వ్రాసేవాడిని. కాని వాటిలో ఫోలిక్ ఆమ్లము చేయవలసిన ముఖ్యమైన పనికి సమయము అప్పటికే దాటిపోయి ఉండేది.

అండము ఫలదీకరణము చెందిన సుమారు రెండు వారాలకు నెల తప్పుతుంది. అప్పటికి పిండము ఒక పలుచని బిళ్ళ మాత్రమే. మూడవ వారములో ఆ బిళ్ళ మూడు పొరలుగా మారుతుంది. పై పొర నడుమ దళసరి పట్టీ ఏర్పడి, గాడిలా లోనికి వంగుతుంది. గాడి అంచులు రెండూ కలుసుకొని గొట్టముగా మూసుకుంటాయి. ఇదే నాడీనాళము. దీని నుంచే మెదడు, వెన్నుపాము రూపొందుతాయి. సుమారు 22వ దినమున గుండె కొట్టుకోవడము మొదలవుతుంది. 28వ దినమునాటికి నాడీనాళము రెండు చివరలా మూసుకుపోతుంది. అప్పటికి పిండము పొడవు సుమారు అర సెంటీమీటరు.

నాడీనాళము తల వైపు మూసుకోకపోతే మెదడులో అధికభాగము, పుర్రె పైభాగము ఏర్పడవు. అట్టి శిశువులు బ్రతుకరు. క్రింది భాగము మూసుకోకపోతే వెన్ను చీలి ఉంటుంది. కొందరిలో కాళ్ళు చచ్చుబడతాయి, మలమూత్రాలపై అదుపు ఉండదు. అటువంటి బిడ్డలను కన్న తల్లులు ‘గ్రహణము నాడు బయటకు వెళ్ళినందుకేనా?’ అని కన్నీటితో అడిగేవారు. కాదమ్మా, గ్రహణానికి, దీనికి సంబంధము లేదని చెప్పేవాడిని. జన్యుపరమైన కారణాలు, అదుపులో లేని మధుమేహము, వాల్ప్రోయేట్ వంటి మూర్ఛ మందులు, ఫోలిక్ ఆమ్లపు కొరత ఇందుకు దోహదము చేస్తాయి.

కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లము అవసరము. 1941లో పాలకూర నుంచి వేరుచేసిన ఈ విటమినును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకులకు నాయకత్వము వహించినది భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మునుపటి కానుపులో ఈ లోపము కలిగిన తల్లులకు గర్భధారణకు ముందు నుంచే దినానికి 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఇస్తే, లోపము మళ్ళీ కలిగే అవకాశము 72 శాతము తగ్గినట్లు 1991లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

గర్భము కోరుకునే స్త్రీలు కనీసము ఒక నెల ముందు నుంచి, మూడవ నెల పూర్తయ్యే వరకు దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసుకోవాలి. మునుపటి బిడ్డకు ఈ లోపము ఉన్నవారికి, మధుమేహము ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి మోతాదు ఎక్కువ అవసరము కావచ్చు. వారు ముందుగానే వైద్యులను సంప్రదించాలి. మూర్ఛ మందులను మాత్రము తమంతట తాము మానకూడదు.

మన ఇండ్లలో గర్భిణికి జాగ్రత్తలు సీమంతము నాడు చెబుతారు. ఈ ఒక్క జాగ్రత్తను పెళ్ళినాడే చెప్పాలని నా మనవి.