చలికి కాచుకునే చేతులు

పుష్యమాసం తెల్లవారుజామున పామిడిలో బస్సు దిగి చూడండి. పెన్న మీది గాలికి వేళ్లు కొంకర్లు పోతాయి. భోగేశ్వరస్వామి గుడి దారిలో చలిమంట కాచుకుంటారు. ఆరుబయట గనుక ఫరవాలేదు. అవే నిప్పులు కుంపటిలో పోసి, బాలింత గదిలో పెట్టి తలుపులు మూస్తేనే ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే మనిషిని వెంటనే బయటి గాలిలోకి తెచ్చి ఆసుపత్రికి చేర్చండి.

గదిలో వేడినీళ్ల రబ్బరు సంచి మేలు. మరిగే నీళ్లు పోయకండి. మూడింట రెండు వంతులు నింపి, గాలి తీసి, గుడ్డ చుట్టండి. బట్టల అంగళ్ల పామిడిలో గుడ్డకు కరువా? చక్కెర జబ్బు ఉన్నవారికి స్పర్శ తగ్గి, కాలినా తెలియకపోవచ్చు. ముందు మరొకరు ముట్టి చూడాలి. పసిబిడ్డకు సంచి వద్దు; తల్లి ఒడే వెచ్చన.