రన్నింగ్ ఫుట్టు నుంచి రన్నింగ్ రూము దాకా

వదినగారూ, ఓ మాట. గోడ ఎత్తు పెంచడానికి మీ మేస్త్రీ రన్నింగ్ ఫుట్టు లెక్కన చెప్పాడా, చదరపడుగు లెక్కన చెప్పాడా? రన్నింగ్ ఫుట్టే అన్నాడా? అయితే ఎత్తెంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ లెక్కలో పొడవొక్కటే కొలుస్తారు. ఎత్తూ మందమూ ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే రెండు వరసలు తగ్గించి కట్టినా అడుగుకి అదే డబ్బు ఇచ్చుకోవాల్సి వస్తుంది. అయినా మరీ ఎత్తు పెంచేయకండి. తర్వాత మనిద్దరం మాట్లాడుకోవాలంటే స్టూళ్ళెక్కాలి.

ఈ రన్నింగ్ గొడవ నాకు నిన్నటి నుంచి పట్టుకుంది. మీ మనవడు పుస్తకం పట్టుకొచ్చాడు. "మామ్మగారూ, నది రన్ అవుతుందంటే ఒప్పుకుంటాను, 'హీ రన్స్ ఎ స్కూల్' అని ఉందేంటి? బడిని ఎవరైనా పరిగెత్తిస్తారా?" అని నిలదీశాడు. బడిపంతులమ్మగా రిటైరయ్యాను గానీ, పిల్లాడి ప్రశ్న వింటే ముచ్చటేసింది. మూడక్షరాల మాట. ఎల్కేజీలో నేర్పేస్తాం. ఇంగ్లీషులో దానంత బరువు మోసే మాట ఇంకోటి లేదంటే నమ్ముతారా?

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెలుసుగా, 1989లో రెండో కూర్పు ఇరవై సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా పొడుగాటి చిట్టా 'సెట్' అనే క్రియది, 430 దాకా అర్థాలు. ఆ తర్వాత కొత్త కూర్పు పని మొదలుపెట్టి ఒక్కో మాటనీ తిరగరాస్తూ వస్తుంటే 2011 నాటికి 'రన్' దాన్ని దాటేసింది. ఎన్ని అర్థాలనుకున్నారు? క్రియగానే 645! పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు కూర్చున్నాడట. తొమ్మిది నెలలే! అవును, మీరన్నట్టు ఓ బిడ్డ పుట్టేంత కాలం.

ఇన్ని అర్థాలు ఎక్కణ్నుంచి వచ్చాయంటారా? మొదట్నుంచీ ఆ మాటలో మనిషి పరుగూ ఉంది, నీటి పారుదలా ఉంది. జర్మన్‌లో దాని చుట్టం 'రిన్నెన్' అంటే ఇప్పటికీ నీరు కారడం, పారడమే. నీళ్ళు పారతాయన్నాక ముక్కు కారడం, కన్నీళ్ళు కారడం, ఉతికితే రంగు దిగడం వచ్చేశాయి. తర్వాత మరలొచ్చాయి. మిల్లులు, రైలింజన్లు, కార్లు, చివరికి కంప్యూటర్లు, వాటిలో ప్రోగ్రాములు. కదిలే యంత్రమల్లా 'రన్' అవుతుందన్నారు. యంత్రం నడిచాక దాన్ని పెట్టిన ఫ్యాక్టరీ, ఆఫీసు, బడి, ఆఖరికి ప్రభుత్వం కూడా రన్ చెయ్యడమే అయింది. మీ మనవడి బడి అలా వచ్చింది ఆ వరసలోకి.

మనం అలా కాదు చూడండి. బడి నడుపుతాం. కొట్టు నడుస్తుంది. ఫ్యాను తిరుగుతుంది. కాలవ పారుతుంది. ముక్కు కారుతుంది. సినిమా ఆడుతుంది. జ్వరం వస్తుంది. ఇన్నిటికీ ఇంగ్లీషువాడికి ఒకటే 'రన్'. మనింట్లో షుగరు వంశపారంపర్యంగా వస్తే, వాళ్ళింట్లో వంశంలో పరుగెడుతుంది. చివరికి చేతిరాత కూడా! చెయ్యెత్తకుండా రాసే దాన్ని వాళ్ళు రన్నింగ్ హ్యాండ్ అన్నారు. మన కరణాలు అక్షరాన్ని అక్షరానికి తగిలించి రాసిన దాన్ని మనం గొలుసుకట్టు అన్నాం. వాళ్ళు చేతి వేగం చూశారు, మనం కాగితం మీద పడిన వరస చూశాం.

అలాగని మన భాషే తెలివైనదని మురిసిపోనక్కర్లేదు లెండి. మనకి 'వెయ్యడం' లేదూ? తలుపు వేస్తాం, దోసెలు వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, పందెం వేస్తాం, గోడకి సున్నం వేస్తాం. ఆకలేస్తుంది, భయమేస్తుంది, చలేస్తుంది. మా చిన్నకోడలు పంజాబీ పిల్ల కదా, కొత్తలో "అత్తయ్యా, నాకు నిద్రేస్తోంది" అనేది. నిద్రకి 'వస్తోంది' అనాలే అంటే, మరి ఆకలికి ఎందుకు 'వేస్తోంది' అని నా మీదికొచ్చింది. ఏం చెప్పను? అంతేనమ్మా అన్నాను.

ఎన్నికల మాటకొస్తే ఇంకా సరదా. అమెరికాలో పదవికి 'రన్' చేస్తారు. బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతారు. ఒకడు పరిగెడతాడు, ఒకడు నిలబడతాడు. ఇద్దరికీ కావాల్సింది ఆ కుర్చీయే. మనం బ్రిటిష్‌వాడిలాగే "ఫలానా ఆయన మన వార్డులో నిలబడ్డాడు" అంటాం. అమెరికాలో ఉన్న మా పెద్దాడు మాత్రం మొన్న ఫోనులో "ఇక్కడ మన తెలుగాయన ఒకాయన స్కూలు బోర్డుకి రన్ చేస్తున్నాడమ్మా" అన్నాడు. వీడి భాషక్కూడా గ్రీన్‌కార్డు వచ్చేసిందనుకున్నాను.

బ్యాంకు మీద 'రన్' అంటే మాత్రం నవ్వులాట కాదు. బ్యాంకు మునుగుతుందని పుకారు పుట్టి, డబ్బు వేసినవాళ్ళంతా ఒకేసారి తీసుకోవడానికి ఎగబడడం. 2007లో ఇంగ్లండులో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు బారులు తీరి నిలబడ్డారు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోబోయారు. ఈసారి ఎవరూ వీధిలో పరిగెత్తలేదు, చాలామంది కూర్చున్న చోటునుంచే ఫోను మీద నొక్కారు. బ్యాంకు మర్నాడే మూతపడింది. వేళ్ళు కదిపినా దాన్ని రన్ అనే అన్నారు.

అసలు పరిగెత్తకుండా 'పరుగులు' తీసేది క్రికెట్టు. మీరూ చూస్తారుగా మ్యాచీలు! 2001లో కోల్‌కతాలో మన హైదరాబాదు లక్ష్మణ్ 281 కొట్టాడే, అందులో 44 ఫోర్లు. అంటే 176 పరుగులు బంతి గీత దాటడంతోనే వచ్చాయి. తెలుగు కామెంట్రీలో వాటినీ 'పరుగులు' అనే అంటాం, మనకేం ఇబ్బందనిపించదు. పూర్వం ఇంగ్లండులో పరుగు తీసినప్పుడల్లా కర్ర మీద గాటు పెట్టేవాళ్ళు, అందుకని వాటిని 'నాచ్' అనేవాళ్ళట. ఆ పేరే నిలబడి ఉంటే లక్ష్మణ్ 281 గాట్లు పెట్టాడని చెప్పుకునేవాళ్ళం.

ఇక మీ ఇంటి సంగతి. అన్నయ్యగారు లోకోపైలట్ కదా, రైల్వేలో డ్రైవర్లనీ గార్డుల్నీ కలిపి 'రన్నింగ్ స్టాఫ్' అంటారు. బండి తిప్పిన కిలోమీటర్లని బట్టి వచ్చే భత్యం 'రన్నింగ్ అలవెన్సు'. అవతలి ఊరు చేరాక పడుకునే చోటు 'రన్నింగ్ రూము'. పడుకునే గదికి పరుగు పేరేమిటని నవ్వుకునేదాన్ని. తర్వాత తెలిసింది, ఆ గది పరుగు పెట్టేవాళ్ళది గనక ఆ పేరొచ్చిందని. మాట గది గురించి కాదు, అందులో పడుకునే మనిషి గురించి.

మన వీధిలోవాళ్ళు ఇంగ్లీషువాడికి తెలియని పనులు కూడా ఈ మాటతో చేయించారు. "రన్నింగ్‌లో బస్సెక్కకు" అంటే కదిలే బస్సు. "బండి రన్నింగ్‌లో ఉంది" అంటే అమ్మకానికి పెట్టారు గానీ ఇంకా పనిచేస్తోందని. కాంట్రాక్టరు 'రన్నింగ్ బిల్లు' పెట్టాడంటే పని పూర్తి కాకముందే కొంత డబ్బు అడుగుతున్నాడని. సినిమావాళ్ళ 'లాంగ్ రన్'లో పరుగే లేదు, థియేటర్లో కదలకుండా ఉండడమే గొప్ప.

పిల్లలు తడబడేది మాత్రం ఈ మాట తోకల దగ్గర. 'రన్ అవుట్' అంటే క్రికెట్లో ఔటు, వంటింట్లో పంచదార అయిపోవడం. 'రన్ ఇన్టు' అంటే దారిలో అనుకోకుండా తగలడం, అది మనిషైనా సరే, స్తంభమైనా సరే. 'రన్ ఓవర్' అంటే బండి ఎక్కించెయ్యడం, మీటింగయితే టైము దాటిపోవడం. 'రన్ డౌన్' చేశారంటే నలుగురిలో తీసిపారేశారని. 'రన్ త్రూ' అంటే ఓసారి గబగబా చూసుకోవడం. ఆ చిన్న తోక మారితే మొత్తం మాటే మారిపోతుంది.

ఫర్త్ అని ఓ ఇంగ్లీషు భాషాశాస్త్రవేత్త ఉండేవాడు. లాహోరులో పాఠాలు చెప్పాడు, తెలుగు మీద కూడా పనిచేశాడు. మాట సంగతి తెలియాలంటే దాని సావాసం చూడమనేవాడు. నిఘంటువులు తిప్పీ తిప్పీ నేనూ అక్కడికే వచ్చాను. 'రన్' అంటే ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పక్కన ఎవరున్నారో చెప్పండి, నీళ్ళా, బ్యాంకా, బడా, బ్యాటుతో ఉన్న కుర్రాడా, అప్పుడు చెప్తాను.

అందుకని మీ మనవడితో ఆ 645 బట్టీ పట్టించకండి. రెండు వారాల్లో పరీక్ష అంటున్నారుగా. రోజుకి రెండు వాక్యాలు, వాడికి తెలిసిన వాటి మీదే రాయమనండి. తాతయ్య రైలు, నాన్న కొట్టు, వాడి తమ్ముడి ముక్కు. ప్రతిదాని పక్కన తెలుగులో ఎలా అంటామో కూడా రాయాలి. అక్కడే బయటపడుతుంది అర్థమైందో లేదో. ఆదివారం పొద్దున పంపండి, దిద్దుతాను. 'రన్ అవే' మీద మాత్రం ఇప్పుడే రాయించకండి, పరీక్షల ముందు ఆ పుస్తకం వాళ్ళమ్మ కంటబడితే ఇల్లు పీకి పందిరేస్తుంది.