తెప్ప చెప్పిన పాఠం

పిల్లలూ! మీలో సముద్రం చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. కాని సముద్రం మీదికి పోయే తెప్పను దగ్గరగా చూసినవాళ్ళు ఎందరు? పదండి, శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం పోదాం.

అక్కడ వంశధార నది సముద్రంలో కలుస్తుంది. పూర్వం అది పేరుగల రేవు. అయినా ఓడలు ఒడ్డుదాకా రాగలిగేవి కావు. దూరాన లంగరు వేసి నిలిచేవి. సరుకులనూ మనుషులనూ పడవల మీద చేరవేసేవారు.

ఆ పడవల్లో ఒక వింత ఉంది. వాటికి ఇనప మేకులు లేవు! పలకల అంచుల వెంబడి బెజ్జాలు వేసి, బట్ట కుట్టినట్టు కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఎందుకో తెలుసా? మన ఒడ్డున కెరటాలు విరిగిపడుతూ పడవను ఎత్తి ఇసుక మీద కొడతాయి. మేకులతో బిగించిన పడవ ఆ దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది.

ఇక తెప్ప సంగతి. తేలిక కర్ర దుంగలను పక్కపక్కన చేర్చి కట్టినదే తెప్ప. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె బడికి వేశారు. ఒకనాడు తెప్ప దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకి రావడం చూసి, "ఇది సరిగా కట్టలేదు, మునిగిపోతుంది," అన్నాను.

పక్కనే నా శిష్యుడు, అయిదో తరగతి కుర్రవాడు, నిలబడి ఉన్నాడు. వాడు నవ్వు ఆపుకుంటూ, "మునగదండీ, మేస్టారూ! నీళ్ళు నిండితే పడవ మునుగుతాది. దీంట్లో నీళ్ళు నిలవడానికి చోటేదండీ?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. తేలే వస్తువుల పాఠంలో వాడికి సున్న వేసి వారమైనా కాలేదు! ఆ సాయంత్రమే ఆ సున్న ముందు ఒకటి చేర్చాను.

వాడి తాత తెప్పలు కట్టడంలో దిట్ట. కాగితం మీద గీత గీసి ఎరగడు. దుంగను చేత్తో తడిమి, ఏది నడుమకో ఏది పక్కకో చెప్పేవాడు. కొడుకు చెక్కేవాడు. మనవడు తాళ్ళు అందించేవాడు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. నీరు పీల్చిన కర్ర బరువెక్కుతుంది గదా!

తెప్పను తమిళులు 'కట్టుమరం' అంటారు. ఇంగ్లీషువాళ్ళ నోట అది 'కేటమరాన్' అయింది. ఇప్పుడు రెండు పడవలను జోడించినట్టుండే ఖరీదైన విహార నౌకలకు కూడా అదే పేరు. 1876లో నెథేనియల్ హెరెషాఫ్ అనే అమెరికావాడు అలాంటి జోడు నౌక కట్టి న్యూయార్కు పందెంలో దింపాడు. అది పెద్ద పెద్ద నౌకలను దాటిపోయింది. ఇటువంటిది పోటీకి పనికిరాదని తక్కినవాళ్ళు అభ్యంతరం చెప్పారు!

1878లో ఆయనా, అన్నగారు జానూ కలిసి బ్రిస్టల్ అనే ఊళ్ళో నౌకల కర్మాగారం పెట్టారు. 1893 మొదలు 1920 దాకా అమెరికా కప్పు పందేల్లో గెలిచిన నౌకలు వాళ్ళు కట్టినవే. ఆ జాన్‌కు చిన్నతనంలోనే చూపు పోయింది. చెక్క నమూనాను చేతులతో తడిమి నౌక వంపుల్లో మంచిచెడ్డలు చెప్పేవాడు. చూశారా? మన తాత చేతికీ, ఆయన చేతికీ తెలిసిన విద్య ఒక్కటే!

ఆ కర్మాగారం మూతబడింది. కాని వాళ్ళ నౌకలనూ నమూనాలనూ ఆ ఊళ్ళోనే ప్రదర్శనశాలలో దాచారు. మరి మన ఒడ్డున? ఇప్పుడు ఎటు చూసినా ఇంజను బిగించిన ఫైబరు తెప్పలే. అవి నీరు పీల్చవు, దూరం పోతాయి. ప్రాణాలొడ్డి వేటకు పోయేవాళ్ళు మంచి తెప్ప కొనుక్కుంటే ఎవరు తప్పు పడతారు? కాని కర్ర తెప్ప కట్టడం తెలిసిన చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి.

కనుక పిల్లలూ, ఈసారి సెలవులకు కళింగపట్నమో, విజయనగరం జిల్లాలోని కోనాడో పోయినప్పుడు, వల బాగుచేసుకుంటున్న తాత పక్కన కాసేపు కూర్చోండి. "తెప్ప ఎలా కట్టేవారు, తాతా?" అని అడగండి. ఆయన చెప్పినది నోటుపుస్తకంలో రాసుకోండి, బొమ్మ గీసుకోండి. మీ పుస్తకమే మన ప్రదర్శనశాల.