130 లీటర్ల డిక్కీ



పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్తున్నామని సర్క్యులర్ పంపిన ప్రతిసారీ మీలో చాలామంది నన్ను అడిగేది ఒకటే. "మేడమ్, బ్యాగులో ఏమేం పెట్టమంటారు?" నేను లిస్టు పంపిస్తాను. మీరు దానికి ఇంకో పది వస్తువులు కలిపి, మీరే సర్దేస్తారు. కిందటిసారి అరకు వెళ్ళినప్పుడు ఏడో తరగతి బాబు ఒకడు రాత్రి నా ఫోన్ అడిగి తీసుకుని ఇంటికి చేశాడు. "మమ్మీ, నా బ్రష్ ఎక్కడుంది?" బ్యాగు వాడి ఒళ్ళోనే ఉంది. ఎడమవైపు జిప్పులో, టవల్ కింద, నీలం కవర్లో ఉందని విజయవాడ నుంచి వాళ్ళమ్మగారు చెప్పారు. సరిగ్గా అక్కడే ఉంది.

నేను నవ్వాను గానీ, నిజం చెప్పాలంటే ఇరవయ్యారేళ్ళు వచ్చేదాకా నేనూ అంతే. బీఈడీ హాస్టల్‌కి వెళ్ళినా, స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళినా నా బ్యాగు అమ్మే సర్దేది. అక్క ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్తున్నప్పుడైతే రెండు సూట్‌కేసులు మా హాల్లో వారం రోజులు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. ఒక్కొక్కటీ 23 కిలోలు దాటకూడదు. అమ్మ కాటాకి తగిలించి తూచడం, దీంట్లోంచి కందిపొడి ప్యాకెట్ తీసి దాంట్లో పెట్టడం, మళ్ళీ తూచడం. చివరికి అక్క పుస్తకాలు రెండు బయటికొచ్చాయి, కందిపొడి మాత్రం లోపలే ఉంది.

రెండేళ్ళ కిందట జనవరిలో అమ్మ పోయింది. అక్క రాలేకపోయింది. అమెరికాలో ఉద్యోగం చేసుకునేవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు, కాబట్టి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. ఇక్కడికొస్తే మళ్ళీ స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరిగి వెళ్ళడం కుదరదు. అక్కడ రెండేళ్ళ పిల్లాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, ఐసీయూ బయట కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్న పదకొండు రాత్రులు నా మనసులోంచి పోలేదు. ఫోన్లో అక్కతో మాట్లాడేదాన్ని, కానీ పొడిపొడిగా.

ఆ మే నెల సెలవుల్లో డాలస్ వెళ్ళాను. వీసా అంతకుముందే ఉంది, అమ్మా నేనూ కలిసి వెళ్దామని తీసుకున్నది. మొదటిసారి నా సూట్‌కేస్ నేనే సర్దుకున్నాను. అమ్మ చివరిసారి పెట్టిన ఆవకాయ ఒక్క హార్లిక్స్ సీసాలోకి మిగిలింది. దానికి మూడు కవర్లు చుట్టి, అమ్మ శాలువా మడతల్లో పెట్టి తీసుకెళ్ళాను.

బావగారికి కార్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. సెకండ్ హ్యాండ్‌లో ఎర్ర రంగు మజ్దా మియాటా ఒకటి కొనుక్కున్నారు. ఎంఎక్స్-5 అని కూడా అంటారు, 1989 నుంచి వస్తున్న చిన్న స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన మడిచేసుకునే గుడ్డ టాప్. ఇంట్లో ఉన్న పెద్ద కారులో పిల్లాడి సీటు ఉంటుంది, వాణ్ణి డేకేర్‌లో దింపడానికి అది బావగారికి కావాలి. "అక్కాచెల్లెళ్ళిద్దరూ మియాటాలో గ్రాండ్ కాన్యన్ చూసి రండి, పిల్లాణ్ణి నేను చూసుకుంటా" అన్నారాయన. మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదని ఆయన కనిపెట్టే ఉంటారు. డాలస్ నుంచి పోవడానికే దాదాపు 1,700 కిలోమీటర్లు.

బయల్దేరే ముందు రోజు రాత్రి డిక్కీ తెరిచి చూస్తే నాకు నవ్వాగలేదు. 130 లీటర్లు! మా నాన్నగారి ఆల్టో 800 డిక్కీయే 177 లీటర్లు. మీలో ఆల్టో ఉన్నవాళ్ళు "ఇందులో ఏం పడుతుందండీ" అని విసుక్కుంటుంటారు కదా, ఒక్కసారి మియాటా చూస్తే మీ కారుకి దండం పెట్టుకుంటారు. డాష్‌బోర్డులో సామాను పెట్టుకునే అర ఉండదు. సీట్ల మధ్య వెనక్కి చిన్న పెట్టె లాంటిది ఉంటుంది, అంతే. స్టెప్నీ కూడా లేదు, పంక్చరైతే ట్యూబుల్లోంచి మందు పోసి గాలి కొట్టుకోవాల్సిందే. ఒక్కటి మెచ్చుకోవాలి, టాప్ మడిస్తే సీట్ల వెనక్కే పోతుంది, డిక్కీలో చోటు తినదు.

గట్టి సూట్‌కేస్ పనికిరాదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. చక్రాలూ హ్యాండిలూ కలిసి బోలెడు చోటు మింగేస్తాయి, పైగా డిక్కీ నోరు చిన్నది. మెత్తటి గుడ్డ బ్యాగులు రెండు తీసుకున్నాం, మనిషికొకటి. బట్టలు మడత పెట్టకుండా చాపలా చుట్టి పెట్టాం. బరువైనవి అడుగున, సీట్ల వైపుకి. ఖాళీగా ఉన్న వస్తువేదీ ఖాళీగా ఉండకూడదని నేను రూలు పెట్టాను (టీచర్ని కదా). బూట్లలో సాక్సులు. చిన్న రైస్ కుక్కర్లో బియ్యం ప్యాకెట్, పొడుల డబ్బా, రెండు చెంచాలు. రైస్ కుక్కర్ లేకుండా తెలుగువాళ్ళు మోటెల్‌లో దిగరని అక్క అంది. జాకెట్లను బ్యాగుల్లో పెట్టకుండా మూలల్లోకి కుక్కాం. మేం ఆగబోయే ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది, కాన్యన్ అంచు కూడా దాదాపు అంతే. మేలో కూడా రాత్రిళ్ళు వణికిస్తుంది.

చివరికి ఆవకాయ సీసా మిగిలింది. అక్క దాన్ని తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. "ఇది ఇక్కడే ఉండనీవే. పట్టదు."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "అమ్మ కోసం రావడానికి ఎలాగూ నీకు కుదర్లేదు. అమ్మ సీసాకి కూడా చోటు లేదా?"

అక్క ఏమీ అనలేదు. డిక్కీ మళ్ళీ తెరిచి, మూలనున్నదేదో లాగేసి, సీసాని శాలువాలో చుట్టి ఆ సందులో పెట్టి మూత వేసింది. ఏం తీసిందో నేను చూడలేదు.

మొదటి రోజు అమరిల్లో దాకా ఆరు గంటల ప్రయాణం. పాటలు పెట్టుకున్నాం, మాటలు లేవు. అంత చిన్న కారులో కోపంగా ఉండటం ఎంత కష్టమో మీకెలా చెప్పను! మోచేతులు తగులుతూనే ఉంటాయి. నా కాళ్ళ దగ్గర నేల ఒకవైపు ఎత్తుగా ఉబ్బి ఉంటుంది, దాంతో పక్కకి ఒరిగి కూర్చుంటే మొహం అక్క వైపే తిరుగుతుంది. పొద్దున్నే ఊరి బయట కాడిలాక్ రాంచ్ చూశాం. 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కుల మీద నిలబెట్టి పొలంలో సగం పాతేశారు. వచ్చినవాళ్ళంతా వాటి మీద రంగులు కొడుతుంటారు. "వీటి డిక్కీలన్నీ ఆకాశంలో ఉన్నాయే" అంది అక్క. నేను నవ్వకుండా ఉండలేకపోయాను.

ఆ రాత్రి అల్బుకర్కీలో ఆగి, మర్నాడు అరిజోనాలోకి వచ్చాక పెట్రిఫైడ్ ఫారెస్ట్ దగ్గర దిగాం. కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల మొద్దులు రాళ్ళైపోయి రంగురంగులుగా పడుంటాయి. చిన్న ముక్క కూడా బయటికి తీసుకుపోకూడదని నిబంధన. రహస్యంగా పట్టుకుపోయినవాళ్ళలో కొందరు తర్వాత మనసొప్పక, క్షమాపణ ఉత్తరం రాసి ఆ రాళ్ళని పోస్టులో తిప్పి పంపుతుంటారట. అక్కడున్న ఒక పెద్ద మొద్దు పక్కన నిలబడి అక్క ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నేను రెండుసార్లు టికెట్ బుక్ చేశానే. రెండుసార్లూ క్యాన్సిల్ చేశాను. సూట్‌కేస్ కూడా సర్దుకున్నాను. అమ్మ పోయాక నెల రోజులు దాన్ని విప్పలేదు. మీ బావగారు విప్పబోతే అరిచాను."

నేను అడగలేదు, తను చెప్పలేదు. నాలుగు నెలలుగా ఫోన్లో వాతావరణం గురించీ, పిల్లాడి జలుబు గురించీ మాట్లాడుకున్నాం.

"మరి సీసా ఎందుకు వద్దన్నావ్?" అన్నాను.

"దారిలో తింటే అయిపోతుంది కదే."

మర్నాడు చీకటితోనే మాథర్ పాయింట్‌కి వెళ్ళాం, సూర్యోదయం చూడ్డానికి. ఎముకలు కొరికే చలి. నేను స్వెటర్ మీద జాకెట్ వేసుకుని నిలబడ్డాను. అక్క పల్చటి చొక్కాలో చేతులు కట్టుకుని వణుకుతోంది. ఆ రాత్రి డిక్కీ మూల నుంచి తను తీసేసింది తన జాకెట్. కారు దగ్గరికి పరుగెత్తి సీసా చుట్టూ ఉన్న శాలువా విప్పి తెచ్చాను. ఇద్దరం కప్పుకున్నాం. అమ్మ శాలువా ఇద్దరికి సరిపోదు. ఒకళ్ళనొకళ్ళు గట్టిగా అంటుకుని నిలబడితే సరిపోయింది. ఎదురుగా కిలోమీటరున్నర పైన లోతు, అడుగున నది ఉందంటారు గానీ ఆ వెలుతురులో నాకు కనపడలేదు. ఎర్ర రాళ్ళ మీదకి ఎండ పైనుంచి మెట్టు మెట్టుగా దిగింది. గ్రాండ్ కాన్యన్ గురించి ఇంతకన్నా బాగా మీకు యూట్యూబ్‌లో దొరుకుతుంది. నేను అసలు సగం సేపు అటు చూడలేదు.

తర్వాత కారులోనే కూర్చుని, రాత్రి మోటెల్‌లో వండుకున్న అన్నంలో పెరుగు కలుపుకుని ఆవకాయ నంజుకున్నాం. ఏడాది ఊరింది కదా, కారం తగ్గి ముక్క మెత్తబడింది. ఇంకా సగం ఉంది. "చాలు, మూత పెట్టేయ్" అన్నాను నేను. "ఉండవే" అని అక్క ఇంకో ముక్క తీసుకుంది. తిరుగు ప్రయాణంలో రోజూ అదే. అమరిల్లో మోటెల్‌లో అడుగున మిగిలిన గుజ్జులో వేడన్నం వేసి, సీసాలోనే కలిపి, చెరో ముద్దా తిన్నాం.

పొద్దున లగేజ్ సర్దుతుంటే సీసా కడిగి తుడిచి ఉంది. దాన్ని బ్యాగులో పెట్టబోయాను. అక్క నా చేతిలోంచి తీసుకుని, నా సాక్సులు రెండు జతలు చుట్టి అందులోకి కుక్కింది.

"ఖాళీగా ఏదీ ఉండకూడదని నువ్వే కదే అన్నావ్, టీచరమ్మా" అంది.

డాలస్‌లో దిగాక ఆ సాక్సులు తీసిచ్చింది. ఉతికినా ఆవకాయ వాసన పోలేదు.