పొయ్యి వెలిగించాక కోసే ఆకు

వేమగిరి దాటి కడియపులంక వైపు సాగితే రోడ్డుకి అటూ ఇటూ మొక్కలు తప్ప మరేమీ కనబడవు. నల్ల కవర్లలో క్రోటన్లు, విరగబూసిన అడీనియంలు, వేరుమట్టికి గోనె చుట్టుకుని లారీ ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డ పామ్‌లు. ఎక్కడ కడియపులంక అయిపోయి ఎక్కడ బుర్రిలంక మొదలైందో కొత్తవాళ్ళకు తెలియదు. వీరవరం, పొట్టిలంక, జేగురుపాడు, ఏ ఊళ్ళోకి తిరిగినా నర్సరీలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ నేలకు నీటి కొదవ తీరింది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఎలాగూ ఉంది. ఆ రెండింటికీ ఇక్కడివాళ్ళ చేతిపని తోడైంది. అంటు కట్టడం, కొమ్మ నాటడం పిల్లలప్పటి నుంచే చూస్తూ పెరిగిన చేతులవి.

కార్తీకమాసం చివర్లో వెళ్ళాను. నాకు కావలసినవి అలంకారపు మొక్కలు కావు. కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, వామాకు, మరువం లాంటి వాసన ఆకులు. ఇంటి కుండీలో వాటిని పెంచి, కోసుకుని, వండుకుని తినడంలో ఉన్న తృప్తి ఇంకే మొక్కలోనూ లేదని నా నమ్మకం. వాటిని పెంచేవాళ్ళ దగ్గర కూర్చుని వినాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఒక నర్సరీలో అడిగితే, "ఆయ్, ఉన్నాయండి, వెనక్కి రండి" అని తీసుకెళ్ళారు. ముందు వరసలన్నీ పూలవీ, రంగు ఆకులవీ. తినే ఆకులు అన్నిటికన్నా వెనక, షేడ్‌నెట్ కింద. కార్లలో వచ్చేవాళ్ళు ముందు చూసి వెళ్ళిపోతారని, వీటికోసం అడిగేది తక్కువేనని అక్కడి పెద్దాయన చెప్పారు. నాకు బాధ కలిగింది. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు ఎవరైనా మొట్టమొదట కొనవలసింది ఒక కరివేపాకు మొక్క అని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. బజారు కరివేపాకు మీద పురుగుమందులు ఎంతగా కొడతారంటే, మన దేశం నుంచి వెళ్ళే కరివేపాకుకు యూరోపియన్ యూనియన్ ప్రత్యేకంగా తనిఖీలు పెంచింది. కూరగాయలతో కొసరుగా వచ్చే ఆ రెబ్బ మన ఇంట్లో రోజూ పోపులో పడుతోంది. ఒక్క మొక్క పెంచుకుంటే ఆ బెంగ ఉండదు.

షేడ్‌నెట్ కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నారు. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు. పాళ్ళు అడిగితే పెద్దాయన నవ్వి, పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూపించారు. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అంతే కొలత. తర్వాత రెండు కరివేపాకు మొక్కల నుంచి ఒక్కో ఆకు తుంచి, నలిపి నా చేతిలో పెట్టారు. ఒకటి పెద్దాకు, నిగనిగలాడుతోంది. రెండోదాని ఆకు చిన్నది, ఈనె కాస్త ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకోగానే తేడా తెలిసిపోయింది. చిన్నాకు ఘాటు వేళ్ళకి పట్టుకుని వదల్లేదు.

"అందరూ ఆ పెద్దదే అడుగుతారండి, కళగా ఉంటదని. తినేదైతే నలిపి చూసుకోవాలండి," అన్నారాయన.

కరివేపాకు గింజలు ఎండబెట్టి దాచుకుంటే మొలవవు. పండు నల్లగా మాగాక గుజ్జు కడిగేసి పచ్చిగా ఉండగానే నాటెయ్యాలి. అంతకన్నా తేలిక పాత చెట్టు మొదట్లో వేళ్ళ నుంచి లేచే పిలకలు. వాటిని వేరుతో సహా తవ్వి పెట్టుకోవచ్చు. పల్లెటూళ్ళలో ఒక ఇంటి చెట్టు వీధంతా పాకేది ఇలా పిలకల మీదే.

ఈ కరివేపాకు శాస్త్రీయ నామం వెనక కథ కూడా ఇక్కడికి దగ్గర్లోదే. కడియం స్టేషన్ నుంచి రైల్లో ద్వారపూడి, అనపర్తి దాటి వెళ్తే సామర్లకోట వస్తుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో అక్కడ తోట వేసి, మిరియాలు, నీలిమందు, చెరకు ఈ నేలలో ఎలా పండుతాయో పరీక్షించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళిపోయాడు. అతని మిత్రుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్, వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యుడు. తరంగంబాడి మిషన్‌కి వైద్యుడిగా వచ్చి, దక్షిణాది అడవులన్నీ తిరుగుతూ మొక్కలు సేకరించినవాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న కోనిగీ ఆయనే. 1771లోనే లినేయస్ ఆ మొక్కకు శిష్యుడి పేరు పెట్టాడు. ఆ కోనిగ్ జబ్బుపడి, రాక్స్‌బర్గ్ వైద్యం చేస్తుండగా, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. మన పోపులో రోజూ పడే ఆకుకి పేరిచ్చిన మనిషి గోదావరి జిల్లాలోనే కన్నుమూశాడన్న సంగతి ఇక్కడి పిల్లలకు బడిలోనే చెప్పాలి.

నర్సరీ నుంచి బుర్రిలంకలో స్నేహితురాలి అమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తాను. ముందువైపు తులసికోట, క్షీరాబ్ది ద్వాదశికి గుచ్చిన ఉసిరి కొమ్మ వాడి ఇంకా అక్కడే ఉంది. అసలు తోట పెరట్లో. పెద్దదేమీ కాదు. వంటింటి గుమ్మం దిగితే ఎడమచేతి పక్కన కరివేపాకు చెట్టు, దాని నీడలో పుదీనా తొట్టి. కుడివైపు ఎండ పడేచోట కొత్తిమీర టబ్బులు. గోడవారన వామాకు, నిమ్మగడ్డి దుబ్బు, మరువం, దవనం. ఏ ఆకు కావాలన్నా పొయ్యి దగ్గర నుంచి పది అడుగుల దూరం లేదు.

ఆ దూరమే ఆవిడ తోటకి ప్రాణం. నేను వెళ్ళేసరికి పప్పుచారు మరుగుతోంది. నూనె కాగాక ఆవాలు వేసి, అప్పుడు పెరట్లోకి దిగారు. కరివేపాకు రెమ్మ విరిచి, అరచేత్తో దులిపి, ఆవాలు చిటపటలాడే లోపల బాణలిలో దూసేశారు. ఒక్కసారిగా ఇల్లంతా ఆ వాసన. ముందే కోసి పెట్టుకోవచ్చు కదా పిన్నిగారూ అంటే, "ఫ్రిజ్‌లో పెట్టిన ఆకు ఆకులాగే ఉంటుందమ్మాయ్, కరివేపాకులా ఉండదు," అన్నారు.

ఆవిడ మాటలో నిజముంది. నిమ్మాకులో లాగే కరివేపాకులోనూ వాసన నూనె చిన్నచిన్న గ్రంథుల్లో దాగి ఉంటుంది. ఆకును వెలుతురుకి పెట్టి చూస్తే ఆ చుక్కలు కనబడతాయి. పుదీనాకి, తులసికి ఆకు పైనున్న సన్నటి నూగులోనే నూనె. అందుకే వాటి పక్కనుంచి చీర కుచ్చెళ్ళు రాసుకుంటూ వెళ్ళినా గుప్పుమంటాయి. ఈ నూనెలు గాలిలో కలిసిపోయేవి. కోసిన క్షణం నుంచీ తగ్గుతూనే ఉంటాయి. కరివేపాకు వాసన వేడి నూనెలోకి దిగి కూరంతా పరుచుకుంటుంది కాబట్టి పోపులో వేస్తాం. కొత్తిమీర వాసన మంటకి నిలవదు కాబట్టి దించాక చల్లుతాం. ఎవరూ సిద్ధాంతం చెప్పకుండానే మన వంటిళ్ళు కనుక్కున్న వరస ఇది.

కరివేపాకు చెట్టు మీద ఒక కొమ్మ ఆకులన్నీ తినేసి ఉన్నాయి. మందు కొట్టలేదా అని అడగబోతుండగా ఆవిడే పిలిచి చూపించారు. ఆకు మీద పిట్ట రెట్టలా తెలుపు, గోధుమరంగు మచ్చలతో ఒక చిన్న గొంగళిపురుగు. పక్క రెబ్బ మీద ముదిరింది, ఆకుపచ్చగా. పుల్లతో తాకగానే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచింది, ఘాటైన వాసనొకటి వదిలింది. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు ఇవి. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబపు మొక్కే కనుక తల్లి వచ్చి ఇక్కడా గుడ్లు పెడుతుంది. కుండీలో ఉన్న చిన్న మొక్కనైతే ఇవి నాలుగైదు రోజుల్లో మోడు చేసేస్తాయి. పిన్నిగారు చిన్న మొక్కల మీద కనబడ్డవాటిని ఆకుతో సహా తుంచి తెచ్చి ఈ పెద్ద చెట్టు వెనక కొమ్మ మీద వదులుతారు. ఆ కొమ్మ వాటిది, మిగతా చెట్టు ఆవిడది. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఇంట్లో తినే ఆకు మీద విషం చల్లడం కంటే ఒక కొమ్మ వదులుకోవడం వెయ్యిరెట్లు మేలు. చెట్టు మొదట్లో నెలకోసారి చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేస్తారు. పుల్లటి మజ్జిగ మిగిలితే నీళ్ళలో పలచగా కలిపి పోస్తారు.

కొత్తిమీర దగ్గర ఎక్కువసేపు నిలబెట్టారు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడేనట. ధనియం చూడటానికి ఒకటే గింజ, లోపల రెండు. చపాతీ కర్రతో మెల్లగా దొర్లిస్తే రెండు బద్దలుగా విడిపోతుంది. మరీ నొక్కితే నలిగిపోతుంది. రాత్రంతా నానబెట్టి, వెడల్పాటి టబ్బులో చల్లి, పైన పలచగా మట్టి కప్పాలి. చలికాలంలో మొలక రావడానికి 8 నుంచి 15 రోజులు పడుతుంది. వారం చూసి రాలేదని మట్టి తిరగేసేవాళ్ళున్నారని చెప్పి, "ధనియానికి తొందర లేదమ్మా, మనకే," అన్నారు. నారు తీసి మరోచోట నాటితే సరిగా నిలదొక్కుకోదు, తల్లివేరు దెబ్బతింటుంది. అందుకే కోసుకునే టబ్బులోనే విత్తాలి. ఆవిడ దగ్గర మూడు టబ్బులున్నాయి. పదేసి రోజుల తేడాతో చల్లుతారు. ఒకటి మొలకల్లో, ఒకటి లేతాకుల్లో, ఒకటి కోతకి.

ఎండలు ముదిరితే కొత్తిమీర ఆగదు. వెడల్పాటి ఆకు పోయి సన్నటి దారాల్లాంటి ఆకు వస్తుంది, వెంటనే పూత. దాన్ని పీకి పారెయ్యకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. పూతకి తేనెటీగలు వస్తాయి. తర్వాత వచ్చే పచ్చి ధనియాలు బజారులో దొరకవు, పెరడున్నవాళ్ళకే ప్రాప్తం. గుప్పెడు దంచి చారులో వేస్తే కొత్తిమీరా ధనియమూ కలిసిన రుచి. నేనింతవరకు తిననిది అది.

పుదీనా గురించి చెప్పాల్సింది తక్కువ. బజారు కట్టలో ఆకులు దూశాక మిగిలిన కాడలు గుచ్చితే చాలు, బతుకుతుంది. వేరే మొక్కతో కలిపి మాత్రం పెట్టకూడదు, నేల పట్టిందంటే మిగతావాటికి చోటివ్వదు. వామాకు ఇంకా తేలిక. అది పోపుపెట్టెలో ఉండే వాము మొక్క కాదు, వేరే జాతి. వాసన దగ్గరగా ఉంటుందంతే. కండగల ఆకు కనుక నీళ్ళు ఎక్కువైతే కుళ్ళుతుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఆకులు కడిగి, తుడిచి, శనగపిండిలో ముంచి వేసిన బజ్జీలు తిన్నాను. దగ్గుకి తినమని మా అమ్మ చిన్నప్పుడు నోట్లో కుక్కిన ఆకేనా ఇది అనిపించేంత కమ్మగా ఉన్నాయి.

మరువం, దవనం కడియపులంక పూలమార్కెట్లో కట్టలుగా అమ్ముతారు. కనకాంబరాల మధ్య ఒక రెబ్బ వేసి కడితే దండకి వాసన వస్తుంది. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రాల్లో మరువానికీ చోటుంది. యూరప్‌లో అదే మరువం మాంసంలోకి, సూపుల్లోకి వెళ్తుంది. మన సబ్జా గింజలిచ్చే రుద్రజడా, ఇటలీవాళ్ళు ఇష్టంగా తినే బేసిలూ ఒకే జాతి. మనం మరువాన్ని జడలోకి, రుద్రజడని గింజల కోసం ఉంచుకుని, వాటి ఆకులు తినడం వదిలేశాం. వేసవి సెలవులకి వచ్చిన పిన్నిగారి మనవరాలు మరువం ఆకులు తుంచి ఆమ్లెట్లో వేయించుకుందట. "నేను వద్దన్నాను కానీ, తిన్నాక నాకూ బాగుంది," అని పిన్నిగారు ఒప్పుకున్నారు. ఇప్పుడు మరువం టబ్బు పెద్దది చేశారు.

పెరడంతా తిరిగాక ఒక సంగతి గమనించాను. అక్కడ కొయ్యకుండా వదిలిన కొన లేదు. తులసి వెన్నులు ముదరకముందే గిల్లేస్తారు, ద్వాదశినాడు, మంగళ శుక్రవారాల్లో మాత్రం ముట్టుకోరు. పుదీనాని నేలకి రెండంగుళాల దాకా కోసేస్తారు. కరివేపాకు చివర తుంచితే పక్క నుంచి రెండు రెమ్మలు లేస్తాయి. ముద్దుగా చూసుకుంటూ ఒక్క ఆకూ కొయ్యనివాళ్ళ మొక్కలే నిలువునా పెరిగి, పూసి, త్వరగా అయిపోతాయి. రోజూ వంట చేసే ఇంట్లో ఈ మొక్కలు గుబురుగా ఉండటానికి కారణం అదే.

అన్నం తింటుండగా న్యూజెర్సీ నుంచి పిన్నిగారి కూతురు వీడియో కాల్ చేసింది. అమెరికాలోకి పచ్చి కరివేపాకు తీసుకెళ్ళనివ్వరు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే చిన్న పురుగు ఆ ఆకుల మీద బతుకుతుంది. అందుకని అక్కడి తెలుగువాళ్ళు స్థానికంగా దొరికిన మొక్కనే కుండీలో పెంచి, చలి మొదలవ్వగానే ఇంట్లోకి మోసుకొస్తారు. ఆ అమ్మాయి ఫోను తిప్పి కిటికీ పక్కన ఉన్న మొక్కను చూపించింది. ఆకులు పసుపెక్కి సగం రాలిపోయాయి. చచ్చిపోతోందమ్మా అంది.

పిన్నిగారు చెయ్యి కడుక్కుని ఫోను దగ్గరికి తీసుకున్నారు. "కాండం గోటితో గీకి చూడు. పచ్చగా ఉందా? ఉంటే బతికే ఉంది. చలికి రాల్చుకుంటుంది, దాన్ని అలా వదిలెయ్. ఆకులు రాలాయని నీళ్ళు ఎక్కువ పొయ్యకు, మట్టి ఆరాకే పొయ్యి. ఎరువు ఇప్పుడొద్దు. మీ దగ్గర ఎండ వచ్చే నెలలో బయట పెట్టి పై కొన తుంచు, అప్పుడు పోద్దువుగాని మజ్జిగ."